విత్తాక సుంకం మార్చొద్దు: చెరువు గట్టు నుంచి ఒక ప్రణాళిక

మన గడియారంలో 2025 ఆగస్టు 27 ఉదయం తొమ్మిదిన్నర. చెరువులో రెండో మేతకు పడవ తీసే వేళ. అమెరికాలో అప్పుడే అర్ధరాత్రి దాటింది. ఆ నిమిషం నుంచి మన దేశం పంపే సరుకులో చాలా భాగం మీద ఆ దేశపు అదనపు సుంకం 25 నుంచి 50 శాతమైంది. రొయ్య మీద అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం, సబ్సిడీకి విరుగుడుగా వేసిన సుంకం కూడా కలిపితే లెక్క 58 శాతం దాకా పోయింది.

ఆ సుంకం వేసిన ఉత్తర్వులో ఒక వెసులుబాటు ఉంది. అప్పటికే ఓడకెక్కి దారిలో ఉన్న సరుకు సెప్టెంబర్ 17 లోపల అక్కడి కస్టమ్స్ దాటితే కొత్తగా వేసిన 25 శాతం వర్తించదు. న్యాయమే. ఓడ ఎక్కాక సరుకును వెనక్కి పిలవలేం కదా.

చెరువులో అరవయ్యో రోజు దాటిన రొయ్యను మాత్రం ఎవరు వెనక్కి పిలవగలరు? సీడ్, అంటే రొయ్య పిల్ల, వేసేశాం, మేత అప్పు తెచ్చేశాం, కౌలు ముందే కట్టేశాం. ఓడలో ఉన్న రొయ్యకు మూడు వారాల దయ దొరికింది, చెరువులో ఉన్న రొయ్యకు ఒక్క పూట కూడా దొరకలేదు. మా ఉద్యమం ఈ తేడా దగ్గర మొదలైంది. ఇందులో ఉన్న కోరిక కూడా చివరికి ఒక్కటే. విత్తాక సుంకం మార్చొద్దు. అమెరికా అయినా, ఢిల్లీ అయినా.

మేము పశ్చిమ గోదావరి, ఏలూరు, కృష్ణా, బాపట్ల, నెల్లూరు జిల్లాల్లో చెరువులు చేసేవాళ్లం. సొంత చెరువు ఉన్నవాళ్లకన్నా కౌలుకు చేసేవాళ్లమే ఎక్కువ. మాతో ప్రాసెసింగ్ ప్లాంట్లలో తల తీసి పొట్టు ఒలిచే ఆడవాళ్లు ఉన్నారు, ఐసు లారీల వాళ్లు ఉన్నారు, పట్టుబడికి వల లాగే కుర్రాళ్లు ఉన్నారు. ఆలస్యంగా గుంటూరు, ఆదిలాబాద్ పత్తి రైతులు కూడా వచ్చి కలిశారు. రొయ్యకూ పత్తికీ ఏం సంబంధమని మొదట్లో మాలోనే గొణిగారు. ఆ సంబంధం ఏమిటో కింద చెబుతాం. ఉద్యమానికి పేరు ఇంకా పెట్టలేదు. పేరు మీద రెండు సాయంత్రాలు తగువు జరిగింది, మూడో సాయంత్రం కరెంటు పోతే అందరూ ఏరియేటర్ల కోసం చెరువులకు పరిగెత్తారు. ఈ కాగితం రాసే పని నాకు అప్పగించడానికి కారణం కూడా పెద్దదేమీ కాదు, అప్పటికి చెరువు ఖాళీగా ఉన్నది నాకు.

చెరువు ఆగదు

బయటివాళ్లు చదువుతారేమోనని మా పని కొంచెం వివరంగా చెప్పాలి. వనామీ రొయ్య పంట సీడ్ వేసిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా మూడు నుంచి నాలుగు నెలలు. రోజుకు నాలుగు మేతలు. ప్రతి మేతా అయ్యాక చెక్ ట్రే ఎత్తి చూడాలి, తిన్నాయా, మిగిల్చాయా, పేగు నిండిందా, తెల్లగా ఉందా అని. రాత్రి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కనుక ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే డీజిల్ జనరేటర్. ఒక్క రాత్రి గంటన్నర ఏమరితే తెల్లారేసరికి గట్టు పొడవునా ఎర్రబారిన రొయ్య తేలుతుంది. అంతదాకా పెట్టిన పెట్టుబడి కూడా దాంతోపాటే.

వడ్లయితే ధర లేదని గాదెలో పోసి ఆగొచ్చు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టొచ్చు. బతికున్న రొయ్యను ఆపితే రోజూ మేత తింటుంది, రోజూ రోగం భయం పెడుతుంది. అందుకే ధర పడిందన్న వార్త రాగానే అందరం ఒకేసారి పట్టేస్తాం. ఒకేసారి పడితే ప్లాంట్ల ముందు లారీలు బారులు తీరి ధర ఇంకా పడుతుంది. ఏప్రిల్ 2న వాషింగ్టన్‌లో మన మీద 26 శాతం అని బోర్డు చూపించినప్పుడు ఇదే జరిగింది. ఆ సుంకం అమలు కావలసింది ఏప్రిల్ 9న. అదే రోజున దాన్ని తొంభై రోజులు వాయిదా వేశారు, 10 శాతం మాత్రం మిగిల్చారు. అమలు కాని సుంకానికి కూడా మా దగ్గర కిలోకు పదుల రూపాయలు కోసేశారు. వాయిదా పడ్డాక ఆ కోసిన డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

సుంకం ఎవరు కడతారన్న దాని మీద టీవీల్లో పెద్ద చర్చ. చట్టప్రకారం కట్టేది అక్కడి దిగుమతిదారు. అతను ఇక్కడి ఎగుమతిదారుకు ఫోన్ చేస్తాడు, సగం నువ్వు మొయ్యి అంటాడు. ఎగుమతిదారు కమీషన్ ఏజెంటుకు చెబుతాడు. ఏజెంటు చెరువు గట్టు మీదకు వచ్చి, నమూనా తూచి, కిలోకు ఎన్ని రొయ్యలో కౌంటు కట్టి, “ముప్పై కౌంటు తీసుకోలేమండీ, యాభై అయితే చూద్దాం” అంటాడు. మా తరువాత ఫోన్ చేయడానికి ఎవరూ లేరు. రొయ్యకు చెప్పలేం కదా. మాకన్నా కింద ఉన్నది ఒలిచే ఆడమనిషి, ఆమెకు ధర తగ్గదు, పని రోజులే తగ్గుతాయి. ప్లాంటు గేటు దాకా వచ్చి “ఇవాళ సరుకు లేదు” అన్న మాట విని ఆటో చార్జీ దండగ పెట్టుకుని వెళ్లిన రోజులు ఎన్నో మాతో కలిసిన ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. ఆ నష్టం ఏ గణాంకంలోనూ లేదు.

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి సెప్టెంబర్‌లో కేంద్రానికి రాసిన లేఖలో నష్టం సుమారు 25,000 కోట్ల రూపాయలన్నారు, ఎగుమతి ఆర్డర్లలో సగం రద్దయ్యాయన్నారు. 2024–25లో మన దేశం మొత్తం పంపిన సముద్ర ఉత్పత్తుల విలువ 62,408 కోట్లు. అందులో మూడింట రెండొంతులకు పైగా రొయ్యే, కొనేవాళ్లలో అమెరికాదే మొదటి పీట. ఒకే కొట్టుకు ఖాతా పెట్టుకున్న ఇల్లు మనది. ఆ తప్పు అమెరికాది కాదు, మనదే. దాని సంగతికి కూడా వస్తాం.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. వనామీ మన రొయ్య కాదు. పసిఫిక్ తీరపు రొయ్య. 2009లో దీన్ని పెంచడానికి అనుమతి ఇచ్చారు, మన టైగర్ రొయ్య తెల్లమచ్చ వ్యాధితో కుదేలయ్యాక. హేచరీలకు కావలసిన తల్లి రొయ్యలు ఎక్కువగా ఫ్లోరిడా, హవాయిల నుంచి విమానంలో వస్తాయి, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్‌లో కొన్నాళ్లు ఉండి ఇక్కడికి చేరతాయి. అంటే అమ్మ అమెరికాది. బిడ్డ మా నీళ్లలో పుట్టి, మా మేత తిని పెరిగి, అమ్మమ్మగారి ఊరికి పోతే గుమ్మంలో 50 శాతం కట్టమన్నారు.

చమురు ఎవరు కొన్నారు, చెల్లించింది ఎవరు

రెండో 25 శాతానికి అమెరికా చెప్పిన కారణం మన దేశం రష్యా చమురు కొనడం. ఆగస్టు 6 నాటి ఉత్తర్వులో అది స్పష్టంగానే ఉంది. చమురు కొనడం తప్పా ఒప్పా అన్నది మా సంఘం తేల్చే విషయం కాదు, మాలో రెండు అభిప్రాయాలూ ఉన్నాయి. మేము అడిగేది చిన్న ప్రశ్న. ఆ చమురు కొన్నది రొయ్య రైతా? చవగ్గా వచ్చిన చమురు వల్ల మా జనరేటర్ డీజిల్ 2025లో బంకులో పైసా తగ్గిందా? లాభం పంచేటప్పుడు కనపడని మేము, జరిమానా వేసేటప్పుడు ఎలా కనపడ్డాం?

రష్యా చమురు మనకన్నా తక్కువేమీ కొనని చైనాకు ఆ పేరుతో జరిమానా పడలేదు. ఆ రెండు దేశాల గొడవ వేరే ఎత్తున నడిచింది. ఏప్రిల్‌లో చైనా సరుకు మీద అమెరికా సుంకం 145 శాతానికి, అమెరికా సరుకు మీద చైనా సుంకం 125 శాతానికి ఎగబాకాయి. మే నెలలో జెనీవాలో కూర్చుని ఇద్దరూ 30, 10కి దిగారు. చైనా అరుదైన ఖనిజాల ఎగుమతి బిగించగానే మళ్లీ మాటలు, అక్టోబర్ 30న దక్షిణ కొరియాలో ఇద్దరు అధ్యక్షుల భేటీ, మళ్లీ సడలింపు. ఎదుటివాడికి తప్పనిసరైన వస్తువు చేతిలో ఉంటే నెలరోజుల్లో రాజీ కుదురుతుంది. హైదరాబాద్‌లో తయారయ్యే మాత్రకు సుంకం నుంచి మినహాయింపు దొరకడానికీ అదే కారణం, అది లేకపోతే అక్కడి రోగికి గడవదు. నవంబర్ 14న కాఫీ, టీ, అరటిపండు, గొడ్డుమాంసం, టమాటా వంటివి మినహాయించారు, అక్కడి వంటింటి ఖర్చు ఓట్ల మీద పడుతోందని భయం పుట్టి. రొయ్య ఆ జాబితాలో లేదు. రొయ్య తినకపోతే ఎవరికీ ఏమీ కాదు, అదీ మా దౌర్భాగ్యం. పైగా ఈక్వడార్ దగ్గరలోనే ఉంది. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ రొయ్య ఎగుమతి చేసే ఆ దేశానికి 2025లో వేసింది 15 శాతమే. వియత్నాంకు 20, ఇండోనేషియా, థాయిలాండ్‌లకు 19.

ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు అని మా పెద్దాయన ఒకరు సభలో అన్నారు. సామెత బాగుంది గానీ మాకు సరిపోదు. లేగదూడకు కనీసం పరిగెత్తే కాళ్లున్నాయి. ఇంకో కుర్రాడు లేచి, మీసం ఉన్నవాడే మొనగాడైతే మా చెరువులో ఎకరానికి లక్షల మంది మొనగాళ్లున్నారు అన్నాడు. ఆ రోజు సభలో నవ్వు వినిపించింది అప్పుడొక్కసారే.

సుంకం దెబ్బ చాలదన్నట్టు అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. తుపానుకు కొంత మర్యాద ఉంది. మూడు నాలుగు రోజుల ముందే వాతావరణ శాఖ కబురు పెడుతుంది. వచ్చి వెళ్లిపోతుంది. వెళ్లాక నష్టం రాసుకోవడానికి కలెక్టరాఫీసు మనిషి వస్తాడు. సుంకం అలా కాదు, వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. 1960ల మొదట్లో యూరప్ దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయని అలిగి అమెరికా 1964లో చిన్న ట్రక్కుల మీద 25 శాతం వేసింది. ఆ కోడి గొడవ ఎవరికీ గుర్తు లేదు, ట్రక్కుల మీద సుంకం అరవై ఏళ్లు దాటినా అలాగే ఉంది. మా మీద యాంటీ డంపింగ్ కూడా అంతే. 2003 డిసెంబర్ 31న అక్కడి దక్షిణ తీరపు రొయ్య వేటగాళ్ల సంఘం ఫిర్యాదు పెట్టింది, 2005 ఫిబ్రవరిలో సుంకం ఉత్తర్వు వచ్చింది, ఆ ఫైలు ఈనాటికీ మూయలేదు. ఒక దశలో అలా వసూలైన డబ్బును బర్డ్ సవరణ అనే చట్టం కింద ఫిర్యాదు చేసినవాళ్లకే పంచిపెట్టారు. ప్రపంచ వాణిజ్య సంస్థ అది తప్పంది, తరువాత ఆ చట్టం రద్దయింది.

ఆ సంస్థలో మనం కూడా గెలిచాం. సుంకంతో పాటు దిగుమతిదారులు పెద్ద పూచీకత్తు బాండ్లు పెట్టాలని అమెరికా రొయ్యకు మాత్రమే ప్రత్యేకంగా ఒక నిబంధన తెచ్చింది. మన దేశం, థాయిలాండ్ కేసు వేశాయి, 2008లో అప్పీలు బెంచి మన వైపు తీర్పు చెప్పింది. చిన్న దేశం పెద్ద దేశాన్ని కాగితం మీద ఓడించగల చోటు ప్రపంచంలో అదొక్కటే ఉండేది. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ రావడంతో 2019 డిసెంబర్ నుంచి ఆ బెంచి మీద అప్పీలు వినడానికి చాలినంత మంది లేరు. మనమేం తక్కువ తినలేదు. 2021 డిసెంబర్‌లో చక్కెర కేసులో తీర్పు మనకు వ్యతిరేకంగా వస్తే, వెంటనే అప్పీలును ఆ ఖాళీ గదికే పంపి ఊరుకున్నాం. విననివ్వకపోవడం కూడా ఒక ఎత్తుగడే అని మన అధికారులు త్వరగానే నేర్చుకున్నారు.

2025 నవంబర్ 5న అమెరికా సుప్రీంకోర్టులో ఈ కొత్త సుంకాల చట్టబద్ధత మీద వాదనలు జరిగాయి. తీర్పు కోసం మాలో కొందరు దేవుడికి మొక్కుకున్నారు. కానీ ఒక సెక్షన్ పోతే ఇంకో సెక్షన్ వెతుక్కోవడం ఏ సర్కారుకూ కష్టం కాదు. మా కోరిక ఏ తీర్పు మీదా ఆధారపడి లేదు.

మన గోడలు, మన తలుపులు

ఇప్పుడు పత్తి. ఆగస్టు 19న మన కేంద్ర ప్రభుత్వం పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నారు, వారం పది రోజుల్లోనే డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అమెరికా దెబ్బ తగిలిన బట్టల మిల్లులకు పత్తి చవగ్గా దొరకాలన్నది ఉద్దేశం. మిల్లు కార్మికుడి బాధ మాకు తెలుసు, కాదనం. అయితే ఆగస్టు 19న ఆదిలాబాద్‌లో, గుంటూరులో పత్తి ఎక్కడుంది? చేలో, పూత మీద. జూన్‌లో విత్తనం వేసేటప్పుడు రైతు 11 శాతం గోడ ఉందని లెక్కేసుకున్నాడు. కాయ పగిలేసరికి గోడ లేదు. పొడుగు పింజ పత్తికి 2025–26లో మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, ఆ కాగితం పట్టుకుని తేమ శాతం దగ్గర తగువులాడుతూ కొనుగోలు కేంద్రాల ముందు నిలబడ్డవాళ్లు మా సభలోకి నడిచి వచ్చారు. మాకు తలుపు మూశారు, వాళ్లకు తలుపు తీశారు. రెండూ పంట మధ్యలోనే. అడిగారు కదా సంబంధం ఏమిటని, ఇదే.

ఆయిల్ పామ్ సంగతి ఇంకా విడ్డూరం. 2024 సెప్టెంబర్‌లో ముడి వంటనూనెల మీద మూల సుంకం సున్నా నుంచి 20 శాతం చేశారు. ఏలూరు, ఖమ్మం జిల్లాల్లో ఆ ధైర్యంతో మొక్క నాటినవాళ్లున్నారు. 2025 మే 30న దాన్ని 10కి దించారు. ఎనిమిది నెలలు. ఆయిల్ పామ్ గెల వేయడానికే నాలుగేళ్లు పడుతుంది.

బియ్యం మాట చెబితే మన ప్రవాసులకు అర్థమవుతుంది. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి మీద నిషేధం వచ్చింది. ఆ వారం అమెరికా ఊళ్లలో మనవాళ్లు సోనామసూరి సంచుల కోసం కొట్ల ముందు వరస కట్టారు, ఆ వీడియోలు చూసి ఇక్కడ నవ్వుకున్నాం. ఇక్కడ నారు పోసినవాడు నవ్వలేదు. ఆ నిషేధం 2024 సెప్టెంబర్ దాకా నడిచింది.

ఇవన్నీ చట్టబద్ధమే. ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర మన దేశం వ్యవసాయ సరుకుల మీద అంతకు మించి వేయనని మాట ఇచ్చిన గరిష్ఠ సుంకం సగటున 113 శాతం. 2023లో నిజంగా వేసింది సగటున 39 శాతం దగ్గర. ఈ రెండింటి మధ్య ఖాళీ ఎంత పెద్దదో చూడండి. ఆ ఖాళీలో ఎక్కడైనా, ఎప్పుడైనా, ఒక నోటిఫికేషన్‌తో గీత జరపొచ్చు. 1962 కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ ఆ అధికారం ఇస్తుంది, ప్రజాహితం అన్న ఒక్క మాట రాస్తే చాలు. వినియోగదారుడి పేరు ఒకసారి, మిల్లు పేరు ఒకసారి, రైతు పేరు ఒకసారి. గీత ఎటు జరిగినా జరిపిన రోజున నేలలో ఎవరి పంట ఉందో చూసే పద్ధతి మాత్రం లేదు.

అడుగుతున్నవి

గోడలు ఉండకూడదని మేము అనడం లేదు. పాడిగేదె మీద బతికే ఇంటికి గోడ కావాలి, అది పడగొడితే మేమే మొదట రోడ్డెక్కుతాం. గోడలు ఉండి తీరాలనీ అనడం లేదు, ఎగుమతి మీద బతికే మేము అలా అంటే నవ్వుతారు. గోడ ఎత్తు ఎంతన్నది పార్లమెంటు తేల్చుకోవాలి. విత్తేనాటికి ఉన్న ఎత్తు కోసేదాకా ఉండాలి. ఇంతే మా సిద్ధాంతం. దీన్ని పంటకాలపు గడువు అంటున్నాం.

దీన్ని మొదట మన ఇంట్లో చట్టం చేయాలి. వ్యవసాయ, ఆక్వా సరుకుల దిగుమతి సుంకం గానీ, ఎగుమతి నిషేధం గానీ మారిస్తే, ఆ పంటకు మామూలుగా పట్టే కాలం గడిచాకే అమలు కావాలి. రొయ్యకు నాలుగు నెలలు, పత్తికి ఒక సీజను. ఆయిల్ పామ్‌కు ఏళ్లు పడుతుంది కనుక దానికి సుంకం బదులు ధర హామీ ఉండాలి. కరువో యుద్ధమో వచ్చి గడువు ఇవ్వడం కుదరదంటే ఒప్పుకుంటాం, అప్పుడు తేడా సొమ్ము ఖజానా భరించాలి. ఇల్లు చక్కబెట్టుకున్నాక బయట అడిగే నోరు వస్తుంది. మన దేశం ఇకమీద రాసుకునే ప్రతి వాణిజ్య ఒప్పందంలో, ఓడలో ఉన్న సరుకుకు ఇచ్చే వెసులుబాటే చెరువులో, చేలో ఉన్న సరుకుకూ ఇవ్వాలన్న షరతు పెట్టమని అడుగుతాం. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకాలైన ఒప్పందం రొయ్య మీద సుంకం తీసేస్తుందంటున్నారు, సంతోషం. ఆ ఒప్పందం అమల్లోకి వచ్చాక కూడా ఈ షరతు అడుగుతూనే ఉంటాం.

నష్టపరిహారం, అప్పు వాయిదా, వడ్డీ మాఫీ, ఏది వచ్చినా సీడ్ వేసినవాడికి రావాలి. పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవాడికి కాదు. మా చెరువుల్లో ఎక్కువ కౌలువే అని ముందే చెప్పాం, కౌలు కార్డు ఇవ్వమంటే భూమి యజమాని సంతకం పెట్టడు, ఆ సంతకం లేకపోతే బ్యాంకు మొహం చూడదు. ఈ ముడి విప్పకుండా ప్రకటించే ప్యాకేజీ ఏదైనా చెరువు గట్టు దాకా రాదు. ప్లాంట్లలో ఒలిచే ఆడవాళ్లకు సరుకు లేని రోజుకు సగం కూలి ఇవ్వాలన్న కోరిక వాళ్లే పెట్టారు. మాలో కొందరు రైతులు అది కంపెనీల మీద భారమని గునిశారు. చేతులెత్తించి చూస్తే కోరికే నెగ్గింది.

బదులుకు బదులు మేము కోరం. 2018లో అమెరికా ఉక్కు, అల్యూమినియం మీద సుంకం వేసినందుకు 2019లో మనం వాళ్ల బాదం, యాపిల్, అక్రోటు వగైరా 28 సరుకుల మీద సుంకం పెంచాం, 2023లో దించాం. ఆ నాలుగేళ్లలో కాలిఫోర్నియా బాదం రైతుకు ఏం బుద్ధి వచ్చిందో తెలియదు గానీ మా చెరువుకు చుక్క నీరు చేరలేదు.

లూసియానా, టెక్సాస్ తీరాల్లో పడవ మీద రొయ్య వేటాడేవాడు మా శత్రువు అని మాలో ఎవరైనా అంటే ఆ మాట సంఘం మాట కాదు. ఆ దేశం తినే రొయ్యలో తొంభై శాతానికి పైగా బయటిదే. మా వనామీ చవక వల్ల అతని పడవ రేవులోనే ఉండిపోయిందన్నది నిజం. వాళ్లలో చాలామంది వియత్నాం యుద్ధం తరువాత పారిపోయి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. అతనికి ధర కావాలి, మాకు గడువు కావాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. డల్లాస్, హ్యూస్టన్‌లలో ఉన్న మన పిల్లలకు ఒక పని అప్పగిస్తున్నాం. సెలవు రోజున గల్ఫ్ తీరపు రేవుకు వెళ్లండి, ఆ మనుషులతో మాట్లాడండి, ఏమన్నారో మాకు రాయండి. ఓటు ఉన్నవాళ్లు మీ కాంగ్రెస్ సభ్యుడికి పంటకాలపు గడువు గురించి ఒక ఉత్తరం రాయండి. ఆవకాయ పార్శిళ్లకు కృతజ్ఞత అనుకోండి.

మా తప్పులు

అడగడమే తప్ప ఒప్పుకోవడం లేని ప్రణాళికలు చాలా చదివాం. మా తప్పులు మాకున్నాయి. నిషేధించిన యాంటీబయాటిక్ వాడి, కంటైనర్ వెనక్కి వస్తే సుంకాన్ని తిట్టినవాళ్లు మాలో ఉన్నారు. యూరప్ 2016 నుంచి మన పెంపకం రొయ్యల సరుకులో సగానికి పరీక్ష పెడుతోందంటే ఊరికే పెట్టలేదు. ఉప్పునీటి చెరువు తవ్వి పక్కవాడి వరిచేను చెడగొట్టి, ఆ తరువాత అదే వరిచేను కౌలుకు తీసుకున్నవాళ్లున్నారు. ఆ వరి రైతుకు ఎవరూ నోటీసు ఇవ్వలేదు, పంటకాలపు గడువూ ఇవ్వలేదు. కనుక మా సంఘంలో చేరేవాడు రెండు మాటలు ఇవ్వాలి. చెరువులో ఏ మందు వేసినా పుస్తకంలో రాస్తాడు, ఆ పుస్తకం అడిగినవాళ్లకు చూపిస్తాడు. కొత్త చెరువు తవ్వితే పక్క చేల వాళ్ల సంతకం తెస్తాడు. రెండో మాట దగ్గర పదకొండు మంది లేచి వెళ్లిపోయారు. వాళ్లు తిరిగి వస్తే కుర్చీలు ఉన్నాయి.

ఒకే కొట్టుకు ఖాతా అన్న తప్పు కూడా దిద్దుకోవాలి. 2025 అక్టోబర్‌లో ఆస్ట్రేలియా పొట్టు తీయని మన రొయ్యకు షరతుల మీద తలుపు తీసింది, యూరప్ సెప్టెంబర్‌లో మరో 102 ప్లాంట్లకు అనుమతి ఇచ్చింది. మంచిదే. వాటికన్నా దగ్గరి కొట్టు ఒకటుంది. భీమవరంలో పెరిగిన రొయ్య న్యూయార్క్ హోటల్‌కు చేరుతుంది గానీ కరీంనగర్ సంతలో దొరకదు. 1982లో కోడిగుడ్ల రైతులు దళారీ చెప్పిన ధరకు అమ్మలేక విసిగి తమ సమన్వయ కమిటీ పెట్టుకున్నారు, రోజూ ధర తామే ప్రకటించారు, గుడ్డు తినమని జనానికి తామే చెప్పారు. ఇవాళ గుడ్డు ధర పేపర్లో వస్తుంది, రొయ్య ధర కమీషన్ ఏజెంటు ఫోన్‌లో వస్తుంది. గుడ్డుకూ రొయ్యకూ తేడా ఉంది, గుడ్డుకు ఐసు పెట్టె అక్కర్లేదు. ఆ పెట్టె ఖర్చెంతో మొదట లెక్క వేయాలి. అది మా మొదటి ఏడాది పనుల్లో ఒకటి.

మిగతా పనులు: ఉదయం పూట ఊళ్లవారీగా కౌంటు ధరలు పలక మీద రాసి చెరువు సెంటర్లలో పెట్టడం, వచ్చే పార్లమెంటు సమావేశాల లోపల పంటకాలపు గడువు బిల్లు ముసాయిదా రాయించి రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలందరి ఇళ్లకు మనిషిని పంపి ఇప్పించడం. మనిషి వెళ్లాలి, వాట్సాప్ పనికిరాదు. సంక్రాంతికి ముందు ఒక సభ, పత్తి యార్డులో. రొయ్యల వాళ్లు అక్కడికి వెళ్లాలి, ఆ తరువాతి సభకు పత్తి వాళ్లు చెరువు దగ్గరకు రావాలి. భోజనాలు ఎవరి ఊళ్లో వాళ్లవి.

సభ్యత్వ రుసుము ఏడాదికి ఒక కిలో వంద కౌంటు రొయ్య ధర, చేరిన రోజున ఏదుంటే అది. పత్తి రైతులకు అరబుట్టెడు పత్తి ధర అనుకున్నాం గానీ తూచడంలో మళ్లీ తగువొస్తుందని వాళ్లే వద్దని మా లెక్కకే ఒప్పుకున్నారు. ఒలిచే ఆడవాళ్లకు పది రూపాయలు. ధర పడితే సంఘం ఖాతా కూడా పడుతుంది, కోశాధికారి ఈ పద్ధతికి అభ్యంతరం చెప్పారు, మినిట్స్‌లో రాశాం. రసీదు లేకుండా ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు.